పూవు లేని పేరిత

రావులపాలెము కోనసీమకు వాకిలి వంటిది. అచ్చటి నుండి గౌతమీ వంతెన దాటి, జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరమునకు పోవు బాటసారికి కొంతదూరము సాగిన పిమ్మట రహదారికి రెండు ప్రక్కలను మొక్కల తోటలు కన్పట్టును. ఇవియే కడియము, కడియపులంక గ్రామముల నర్సరీలు. గులాబి, చేమంతి, మందారము మొదలగు పూలమొక్కలతోపాటు, పూవుతో పనిలేక ఆకు అందము కొఱకే పెంచు మొక్కలును అచ్చట కుండీలలో బారులు తీరి యుండును. వానిలో ఒకదానిని చూచినవారు ఈతమొక్క యనియో, పొట్టి కొబ్బరిమొక్క యనియో తలంతురు. పొట్టి బోదె, దాని కొననుండి గొడుగువలె నలుదెసలకు వ్యాపించిన మట్టలు, మట్టకు ఇరువైపుల దువ్వెనపండ్లవలె బిరుసైన సన్నని ఆకులు గలిగిన మొక్కను తాటి కుటుంబమునకు చెందినదే యని భావించుట సహజము. నర్సరీవారు దీనిని సైకస్ అందురు. ఇది జపాను దేశపు దక్షిణ ద్వీపములకు చెందిన మొక్క. ఇండ్ల ముంగిళ్లలోను, కార్యాలయముల ఆవరణములలోను నేడిది తఱచుగా కనబడుచున్నది.

జపాను నుండి వచ్చిన యీ మొక్కను ఇంటియెదుట నిలుపుకొన్న వారిలో కొలదిమందికి మాత్రమే తెలిసిన విషయ మొకటి కలదు. దీని దాయాది యొకటి మన ఆంధ్రదేశమందే, శేషాచల పర్వతప్రాంతమున, అనాదిగా పెరుగుచున్నది. ఆ కొండలలో తప్ప ప్రపంచమున మఱెచ్చటను అది సహజముగా పుట్టదు. దాని పేరు పేరిత. శాస్త్రజ్ఞులు దానిని సైకస్ బెడ్డోమై అని వ్యవహరింతురు. జపాను మొక్క దేశదేశముల తోటల కెక్కి సుఖముగా నున్నది. మన కొండమొక్క మాత్రము కొన్ని కొండవాలులకు పరిమితమై, మనుష్యుల చేతను అగ్నిచేతను తఱిగిపోవుచు, శాసనముల నీడలో దినములు గడుపుచున్నది.

తిరుపతి నుండి కడప వైపునకు సాగిన కొండలవరుస శేషాచలము. తూర్పు కనుమలలో ఇది యొక భాగము. దాని నానుకొనియే పాలకొండలు కలవు. తిరుమలకు పోవు యాత్రికులకు దిగువనుండియే కనబడు నిట్టనిలువు రాతిగోడలు క్వార్ట్‌జైటు అను గట్టిరాతివి. ఆ రాయి నూఱుకోట్ల యేండ్లకు పైబడిన వయస్సు గలది. చుట్టును వేడిమైదానములు, నడుమ ఎత్తైన రాతిగట్లు. ఇట్టి కొండలు ఒకవిధముగా సముద్రమధ్యమునందలి దీవుల వంటివి. అచ్చటి మొక్కలలో కొన్ని వెలుపలికి వ్యాపింపజాలక, అచ్చటి రాతికిని ఎండకును అలవాటుపడి, దీర్ఘకాలమున ప్రత్యేకజాతులుగా స్థిరపడినవి. ఎఱ్ఱచందనము ఈ ప్రాంతపు సొత్తని లోకమెల్ల నెఱుగును. తెల్లకరక, కొండసాంబ్రాణి యను చెట్లును ఈ కొండలకును, వీని పొరుగు కొండలకును పరిమితమైనవే. పేరిత వీనియన్నింటిలో ఆకారమున చిన్నది, చరిత్రమున మిక్కిలి వింతయైనది.

పేరిత లోయలలోని చల్లని దట్టపుటడవులను కోరదు. గడ్డియు పొదలును పెరిగిన ఎండవాలులపై, రాళ్లసందులలో, మన్ను పలుచగా నున్నచోట నది నిలుచును. బోదె సామాన్యముగా పొట్టిది, లావైనది. రాలిపోయిన మట్టల మొదళ్లు బోదెను విడువక, దానిచుట్టు కవచమువలె అతుకుకొని యుండును. బోదె తలమీద కిరీటమువలె మట్టలు పేరుకొనును. ఒక్కొక్కమట్ట రమారమి మూడు నాలుగడుగుల పొడవు. మట్టకు రెండువైపుల కొబ్బరి ఈనెలంత సన్నముగా ఆకులు జంటలు జంటలుగా నుండును. ఆకు అంచులు క్రిందివైపునకు కొంచెము ముడిచికొని యుండుటచే నీరు ఆవిరియై పోవుట తగ్గును. లేత మట్ట వెలువడునప్పుడు దాని చిన్నియాకులు గడియారపు చుట్టవలె చుట్టుకొని యుండి, పిదప మెల్లమెల్లగా విచ్చుకొనును. నీరెండలో మెఱయు ఆ లేతమట్టల గుంపును చూచినవారు దానిని పువ్వని భ్రమపడినను తప్పులేదు.

కాని పేరితకు పూవు లేదు. ఇది వినుటకు వింతగా నుండును. పూవు లేనిచో విత్తన మెట్లు కలుగును? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్నచో పూవు చేయు పని యేదియో మొదట తెలిసికొనవలెను.

మామిడి, వేప, కొబ్బరి మొదలగు చెట్లన్నియు పూయును. పూవు నడుమ ఒక చిన్న గది యుండును. దానిని అండాశయ మందురు. విత్తనము కాదగిన అండము ఆ గదిలో భద్రముగా మూయబడి యుండును. పుప్పొడి వచ్చి చేరిన తరువాత గది పెరిగి కాయగును, లోని అండము విత్తనమగును. మామిడిటెంక చుట్టు నున్న కండయంతయు ఆ గది గోడయే. ఇట్లు మూతగల గదిలో విత్తనము పెరుగు మొక్కలను ఆవృతబీజము లందురు. లోకమున నేడు మనము చూచు మొక్కలలో అధికభాగ మివియే. కాని వీనికంటె పూర్వమే పుట్టిన మఱొక తెగ కలదు. ఆ తెగలో గది లేదు, పూవు లేదు, కాయయు లేదు. అండములు బయటనే, ఒక ప్రత్యేకమైన ఆకువంటి రేకుపై, ఆచ్ఛాదనము లేక యుండును. ఇవి వివృతబీజములు. హిమాలయములందలి దేవదారు ఈ తెగదే. పేరితయు ఈ తెగదే. కొబ్బరిమట్టను పోలిన మట్ట యున్నంత మాత్రమున పేరిత కొబ్బరికి చుట్టము కాదు. కొబ్బరికిని గడ్డిపోచకును ఉన్న చుట్టరికము కొబ్బరికిని పేరితకును లేదు. ఆకారసామ్యమును నమ్మి చుట్టరికము నిర్ణయించుట మొక్కల విషయమున ప్రమాదకరము.

తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు అని రెండు విధములు కలవని పల్లెలలో పెరిగినవా రెఱుగుదురు. పోతుతాడు కాయలు కాయదు, దాని గెలలు పుప్పొడిని మాత్రమే యిచ్చును. పేరితయందును అట్లే మగమొక్క వేఱు, ఆడమొక్క వేఱు. మగమొక్క మొవ్వునడుమ ఒక శంకువు పుట్టును. పొడవు రమారమి ఒక అడుగు, రంగు పసుపువన్నె గలిసిన గోధుమరంగు. పొలుసులవంటి రేకులు దానిపై దగ్గఱదగ్గఱగా పేర్చినట్లుండును. ప్రతిరేకు అడుగుభాగమునను పుప్పొడి సంచులు గుంపులు గుంపులుగా నుండును. ఆడమొక్కకు శంకువు రాదు. దాని మొవ్వుచుట్టును నూగుతో కప్పబడిన రేకులు వలయముగా పుట్టును. ఒక్కొక్క రేకు అంచున కొన్ని అండములు ముత్యములవలె కూర్చుండును. పుప్పొడి అందిన అండములు ఎదిగి గుండ్రని విత్తనములగును, అందనివి ఎండిపోవును.

పుప్పొడి అండమును చేరిన పిమ్మట జరుగు కార్యము మిక్కిలి ఆశ్చర్యకరమైనది. పూలమొక్కలలో పుప్పొడి కణమునుండి ఒక సన్నని గొట్టము పెరిగి, పురుషబీజమును తిన్నగా అండము వఱకు మోసికొనిపోవును. సైకస్ జాతులలో అట్లు కాదు. పుప్పొడి కణము అండముపై నూరిన ద్రవబిందువులో చిక్కి లోపలికి లాగబడును. అచ్చట నెలలతరబడి యుండి, ఆ తరువాత రెండు పురుషబీజములను విడుచును. ఈ బీజములు సుడులు తిరిగిన సన్నని వెండ్రుకలవంటి తోకలతో, చిన్న ద్రవకూపములో ఈదుచు, అండబీజమును చేరును. ఈదు పురుషబీజములు నాచులకును, పర్ణములకును ఉండుట పూర్వమునుండి తెలిసినదే. విత్తనము గల మొక్కకు నవి యుండునని ఎవరును అనుకొనలేదు. 1896 లో జపానుదేశీయుడు సకుగోరో హిరసే గింకో యను చెట్టునందు వీనిని మొట్టమొదట కనుగొనెను. ఆ యేటనే సీఇచిరో ఇకెనో యను మఱొక శాస్త్రజ్ఞుడు సైకస్ నందును కనుగొనెను. ఇకెనో పరిశీలించిన మొక్క నేడు కడియము నర్సరీలలో కుండీలలో నమ్మబడు జాతియే. సైకస్ తెగలలోని పురుషబీజములు మొక్కలన్నింటిలో మిక్కిలి పెద్దవి. కొన్ని జాతులలో నవి సూక్ష్మదర్శినితో పనిలేక, నిశితమైన కంటికి చుక్కవలె కనబడునంత యుండును.

నీటిలో పుట్టిన మొక్కలు నేలమీదికి వచ్చిన తొలిదినములలో ఈదు బీజములు అవసరమయ్యెను. పొడినేలపై నిలిచిన పేరిత ఆ పాతయలవాటును ఇంతవఱకు మానలేదు. అయితే ఈదుటకు వలసిన నీటిని అది వర్షమునుండి కోరదు. తన అండములోనే తాను సిద్ధము చేసికొనును. ఎండిన రాతివాలుమీద నుండియు ఇట్లొక బొట్టు నీటికొలను కడుపులో దాచుకొన్న మొక్క యిది.

పుప్పొడిని మగమొక్కనుండి ఆడమొక్క దగ్గఱకు చేర్చునది యెవరు? గాలియే యని చాలకాలము నమ్మిరి. కాని ఇటీవలి దశాబ్దములలో ఇతరదేశములందు జరిగిన పరీక్షలు వేఱొక విషయమును చూపినవి. ఈ తెగలోని పెక్కు జాతులకు చిన్న చిన్న పెంకుపురుగులు ఈ పని చేయుచున్నవి. శంకువు పక్వమైన వేళ దానిలో వేడి పుట్టును, ఘాటైన వాసన వెలువడును. పురుగులు ఆ వాసనకు వచ్చి, శంకువులోనే తిని, అందే గ్రుడ్లుపెట్టి, పుప్పొడిని మేనికి పూసికొని ఆడమొక్కకు పోవును. పూవులు, తేనెటీగలు లోకమున అవతరింపకముందే మొక్కకును పురుగునకును ఈ యొడంబడిక కుదిరియుండవచ్చును.

వేళ్లయందును ఒక విశేషము కలదు. సైకస్ మొక్కల వేళ్లలో కొన్ని భూమిలోనికి దిగక పైకి తిరిగి, పగడపుదుబ్బువలె కొమ్మలు కొమ్మలుగా చీలియుండును. వానిని అడ్డముగా కోసి చూచినచో నడుమ నీలిపచ్చని వలయ మొకటి కనబడును. అది అందు కాపురముండు సూక్ష్మజీవుల గుంపు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఆహారముగా మార్చుట వాని పని. కోనసీమ రైతు జనుము, పిల్లిపెసర చల్లి వాని వేళ్లబుడిపెలచే నేలకు సత్తువ తెచ్చుటను ఎఱుగును. నిస్సారమైన రాతినేలమీద పేరితకు ఎరువు వేయువారెవరు? తన యెరువును తానే వేళ్లలో తయారుచేసికొనుచున్నది.

ఈ మొక్కను పశువులు మేయరాదు. మట్టలలోను గింజలలోను విషమున్నది. సైకస్ ఆకులు తిన్న పశువులు వెనుకకాళ్లు పడిపోయి తూలును, గింజలు కొఱికిన కుక్కలు కాలేయము చెడి చచ్చును. ఇంటియెదుట కుండీలో సైకస్ పెంచువారు ఈ సంగతి నెఱిగి యుండుట మేలు. ఆంగ్లేయులు దీనిని సగ్గుబియ్యపు తాడి యని పిలిచిరి. బోదెలోని పిండిని పలుమాఱులు కడిగి విషము పోగొట్టి తినిన జాతులు కొన్ని దేశములలో నుండుట అందుకు కారణము. పేరు మాత్రము రెండువిధముల తప్పు. ఇది తాడికాదు. మన సగ్గుబియ్యమునకును దీనికిని సంబంధము లేదు. పెద్దాపురము, సామర్లకోట ప్రాంతముల మిల్లులలో తయారగు సగ్గుబియ్యము కఱ్ఱపెండలపు దుంపనుండి వచ్చునది.

పేరితకు శాస్త్రనామము వచ్చిన వృత్తాంతము స్వల్పమే. చెన్నరాజధాని అటవీశాఖలో 1860 నుండి 1882 వఱకు అధిపతిగా నున్న కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అడవులను కొలుచుటతో తృప్తిపడక, మొక్కలను, పర్ణములను, పాములను, కప్పలను సేకరించి వర్ణించిన వాడు. కడప కొండలలోని ఈ మొక్క ఆయన మూలమున శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చెను. లండను సమీపమునందలి క్యూ ఉద్యానమునకు చెందిన తిసెల్టన్ డయ్యర్ దీనిని ప్రత్యేకజాతిగా గుర్తించి, 1883 లో బెడ్డోమ్ పేర నామకరణము చేసెను. ఆ నాటికే కొండవారికి ఈ మొక్క తెలియును, దానికి వారి పేరు వారికుండెను. గ్రంథములలో దొరపేరు నిలిచినది, కొండమీద పేరితయే నిలిచినది.

ఈ తెగ యెంత పురాతనమైనదో చూతము. సైకస్ తెగకు చెందిన మొక్కల శిలాజములు ఇరువదియేడు కోట్ల యేండ్లనాటి రాళ్లలో దొరకినవి. బ్రహ్మాండమైన బల్లిజాతి జంతువులు భూమిపై తిరుగాడిన కాలమున ఇట్టి మొక్కలు అడవులుగా నుండెను. వీనిని పోలిన ప్రాచీనపు మొక్కల జాడలు గోదావరి సీమలోనే కలవు. ఏలూరు సమీపమునందలి గొల్లపల్లి యిసుకరాళ్లలో టిలోఫిల్లమ్ అను మొక్కయాకుల ముద్రలు దొరకినవి. ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ అను శాస్త్రవేత్త 1877 లోనే వానిని వర్ణించి గ్రంథము ప్రకటించెను. ఆ ముద్రలు పదికోట్ల యేండ్లకు పైబడినవి. రాతిపలకపై దువ్వెనవలె కనబడు ఆ యాకును పేరిత మట్టప్రక్కన పెట్టి చూచినవారు అవి యొకే కుటుంబమువని పొరబడుదురు. నిజమునకు టిలోఫిల్లమ్ వేఱొక తెగ, అది పూర్తిగా నశించినది. ఆ కాలపు మొక్కల పోకడ యెట్టిదో తెలిసికొనుటకు మాత్రము ఆ పోలిక పనికివచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఇట్టి మొక్కలను బ్రతికియున్న శిలాజములని పుస్తకములలో వ్రాయుట పరిపాటి. ఆ మాట సగమే నిజము. తెగ ప్రాచీనమైనదే, కాని నేడున్న జాతులు అంత ప్రాచీనములు కావు. 2011 లో వెలువడిన పరిశోధన నేటి సైకస్ తెగజాతులలో అధికభాగము గత కోటియిరువదిలక్షల యేండ్లలోపల పుట్టినవేయని తేల్చినది. వంశము పాతది, సంతానము కొత్తది. కావున పేరితను మ్యూజియమునుండి తప్పించుకొని వచ్చిన పాతవస్తువుగా గాక, ఈ కొండలలోనే ఈ కొండలకొఱకే రూపొందిన మొక్కగా చూచుట సత్యమునకు దగ్గఱ.

అట్టి మొక్క కిపుడు వచ్చిన ఆపద యేది? మగశంకువే దానికి శత్రువైనది. కీళ్లనొప్పులకును, ఒడలి బలమునకును ఈ శంకువు మందని నాటువైద్యమున నమ్మకము. ఎండబెట్టిన శంకువులను కొని, చూర్ణముచేసి అమ్మువారు కలరు. బోదెలోని దవ్వ కొఱకు మొక్కను నఱకివేయుటయు కలదు. శంకువును తీసికొనిపోయినంత మాత్రమున మొక్క చావదుగదా యని సేకరించువాడు తలచును. అతడు చెప్పునది ఆ యొక్క మొక్క విషయమున నిజమే. కాని లెక్క వేఱుగా వేయవలెను. ఒక కొండవాలున మొక్కలు పలుచగా నున్నవి. వానిలో కొన్ని మగవి, కొన్ని ఆడవి. అన్నియు ప్రతియేట శంకువు తొడుగవు. ఆ యేడు తొడిగిన రెండుమూడు మగశంకువులను పుప్పొడి రాలకముందే కోసికొనిపోయినచో, చుట్టుపట్ల ఆడమొక్కల అండములన్నియు వ్యర్థముగా ఎండిపోవును. మొక్కలు పచ్చగానే నిలిచియుండును, చూచువారికి నష్టమేమియు కనబడదు. పిల్లమొక్కలు మాత్రము పుట్టవు. పెద్దవి ఒక్కొక్కటే ముసలియై పోవును. ఒక గ్రామమున జనులందఱు క్షేమముగా నుండి, ఇరువది యేండ్లుగా బడిలో చేరుటకు పిల్లలే లేకుండినచో ఆ గ్రామమెట్టిదో, ఆ వాలు అట్టిది.

అగ్ని విషయము కొంచెము చిక్కైనది. వేసవిలో గడ్డివాలులు కాలుట క్రొత్తకాదు. పెరిగిన పేరిత దానికి సిద్ధపడియే యున్నది. పాతమట్టల మొదళ్ల కవచము బోదెను కాపాడును. మట్టలు మాడిపోయినను మొవ్వు బ్రతికియుండి, తొలకరి నాటికి క్రొత్తమట్టలు తొడుగును. కాని కవచ మింకను ఏర్పడని లేతమొలకకు ఈ రక్షణ లేదు. ఏటేట నిప్పు తిరిగి వచ్చినచో ఏ మొలకయు కవచము కట్టుకొను వయస్సునకు చేరదు. పచ్చికకొఱకును, అజాగ్రత్తచేతను పెట్టబడు మంటలు ఈ కారణముచే పెద్దమొక్కలకంటె పిల్లమొక్కలకే చేటు.

పేరితకు శాసనరక్షణ కలిగిన తీరు గమనింపదగినది. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 లో వచ్చినపుడు అందు జంతువులకే ప్రాధాన్యము. 1991 లో దానిని సవరించి, మొదటిసారిగా మొక్కలకును ఒక పట్టిక చేర్చిరి. ఇంతటి భారతదేశమునుండి ఆ పట్టిక కెక్కినవి ఆఱుమాత్రమే. నీలి వాండా, ఎఱ్ఱ వాండా యను ఆర్కిడ్ జాతులు, స్త్రీలపాదుకను పోలిన పూవులు గల మఱొక ఆర్కిడ్ తెగ, ఖాసీ కొండలలో పురుగులను పట్టి తిను కూజామొక్క, కాశ్మీరపు చెంగల్వకోష్టు వానిలో నైదు. ఆఱవది మన పేరిత. దక్షిణదేశమునకు మాత్రమే సొంతమైన మొక్క యా పట్టికలో ఇది యొక్కటియే. 2022 సవరణలో పట్టికల క్రమము మాఱినను మొక్కలకు రక్షణ కొనసాగుచున్నది.

ఈ చట్టముచొప్పున అడవిలోని పేరితను పెఱుకుట, కోయుట, అమ్ముట నేరము. దానిని తోటలో పెంచవలెనన్నను అనుమతిపత్రము కావలయును. ఒక మినహాయింపు మాత్రము కలదు. ఆ జిల్లాలో నివసించు షెడ్యూల్డు తెగలవారు తమ సొంత యవసరమునకు కోసికొన వచ్చును, అమ్మరాదు. ఈ మినహాయింపు న్యాయమైనది. తరతరములుగా మొక్కను వాడుకొన్న కొండవారివలన దానికి హాని కలుగలేదు. పట్టణపు కొనుగోలుదారు వచ్చి బేరమాడిన నాటినుండి హాని మొదలైనది. కూలికై శంకువు కోసినవాడు పట్టుబడును. దానిని చూర్ణముచేసి సీసాలో నింపిన తరువాత అది యే మొక్కయో గుర్తించుట కష్టము గనుక అమ్మినవాడు తప్పించుకొనును.

విదేశముల వ్యాపారమునకును అడ్డుకట్ట కలదు. ఆపదలోనున్న వన్యజాతుల వ్యాపారమును గూర్చి 1973 లో వాషింగ్టను నగరమున జరిగిన ఒడంబడికలో భారతదేశము 1976 లో చేరినది. సైకస్ తెగలన్నియు ఆ యొడంబడికక్రింద నియంత్రణకు లోబడినవే. వానిలో పేరిత మొదటి పట్టికలో, అనగా అడవినుండి తెచ్చి వర్తకము చేయుట పూర్తిగా నిషేధింపబడిన వానిలో, చేర్పబడినది. ఇక కొండల మాట. 1989 లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము ఏర్పడినది, తలకోన జలపాతము అందులోనిదే. 2010 లో అప్పటి చిత్తూరు, కడప జిల్లాలలోని 4,755 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును శేషాచల జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించిరి. ఎఱ్ఱచందనపు దొంగలను పట్టుకొన్న వార్తలు పత్రికలలో తఱచు వచ్చును. దుంగ లారీకెక్కును, పేరిత శంకువు చేతిసంచిలో పట్టును. అందుచేత దానిని గూర్చి వార్త పుట్టుట అరుదు.

తోటలలో పెంచి, అడవిమొక్కపై భారము తగ్గింపవచ్చును గదా యని తోచవచ్చును. మార్గము మంచిదే. మొక్కలను పెంచుటలో కడియమువారికి గల నేర్పు లోకప్రసిద్ధము. అనుమతితో, శాస్త్రజ్ఞుల సాయముతో చేసినచో అసాధ్యముకాదు. కాని ఈ పనికి అరటితోటవలె ఏడాదిలో ఫలితము రాదు. సైకస్ జాతులు బోదె ప్రక్కన పిలకలు వేయుట కలదు గాని, ఒకే మొక్క పిలకలన్నియు ఒకే లింగమువి. మగమొక్క పిలక మగదే. కావున రెండు విధముల మొక్కలు కావలెనన్న విత్తనము నాటుటే గతి. సైకస్ విత్తనము రాలునాటికి లోపలి మొలక పూర్తిగా ఏర్పడియుండదు. రాలిన పిదపను కొన్ని నెలలు అది లోలోపల పెరుగుచుండును, ఆ తరువాతనే వేరు వెలువడును. వేరు దిగిన కొంతకాలమునకు మట్ట యొకటి పైకి వచ్చును. ఏడాదికి ఒకటి రెండు మట్టలతో ఏండ్లకేండ్లు గడచినగాని బోదె కనబడదు. శంకువు తొడుగు వయస్సునకు ఇంకను పెక్కేండ్లు పట్టును. అంతవఱకు ఆ మొక్క మగదో ఆడదో చూచి చెప్పగలవాడు లేడు. కనుక ఒక జంటను కోరి తోటవాడు పది విత్తనములు నాటి, మట్టలు లెక్కించుచు, కనిపెట్టుకొని యుండవలెను.